నౌకాగడియారమును నిర్మించిన వడ్రంగి: జాన్ హారిసను జీవితము

మన బందరు పూర్వకాలమున ప్రసిద్ధికెక్కిన ఓడరేవు. ఆంగ్లేయులు 1611 సంవత్సరమున ఇచ్చట దిగి వర్తకశాల నేర్పఱచుకొనిరి. నెలల తరబడి సముద్రముపై ప్రయాణము చేసి వచ్చిన ఆ కాలపు నావికులకు, నడిసముద్రమున తామెచ్చట నున్నదియు నిశ్చయముగా తెలియుచుండెడిది కాదనిన మన విద్యార్థులకు ఆశ్చర్యము కలుగవచ్చును. ఆ కొఱతను తీర్చినవాడు రాజు కాడు, పండితుడును కాడు. ఆతడొక పల్లెటూరి వడ్రంగి కుమారుడు. ఆతని చరిత్రమును సంగ్రహముగా వ్రాయబూనితిమి.

ముందుగా ఆ చిక్కు ఎట్టిదో తెలిసికొందము. సూర్యుని యెత్తును కొలిచి అక్షాంశమును కనుగొనుట నావికులకు సులభమే, రేఖాంశమే కష్టము. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును గనుక ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషములు పట్టును. బందరు గ్రీనిచ్చికి తూర్పున 81 డిగ్రీలకు కొంచె మెక్కువ దూరమున నున్నది. 81ని 4 చేత హెచ్చవేసిన 324 నిమిషములు, అనగా 5 గంటల 24 నిమిషములు వచ్చును. మనకు సూర్యుడు నడినెత్తికి వచ్చు వేళ గ్రీనిచ్చిలో తెల్లవారి ఇంచుమించు 6 గంటల 36 నిమిషములగును. కావున గ్రీనిచ్చి కాలమును తప్పక చూపు గడియార మొక్కటి ఓడలో నున్నచో రేఖాంశము లెక్కకు వచ్చును. కాని ఓడ ఊగులాటకు లోలకము నిలువదు, ఎండకు, చలికి లోహము సాగి ముడుచుకొనును, నూనె చిక్కబడును. గడియారము ఒక్క నిమిషము తప్పినచో మన తీరమున లెక్క 27 కిలోమీటర్లు తప్పును. నేల ఇంకను అంత దూరమున నున్నదని నమ్మిన నావికుని యోడ ఆ రాత్రియే దివిసీమ ఇసుకమేటలపై నెక్కవచ్చును.

ఇట్టి పొరబాటువలననే 1707లో ఇంగ్లాండునకు నైరృతిదిశనున్న సిల్లీ ద్వీపముల యొద్ద నాలుగు యుద్ధనౌకలు రాళ్లకు తగిలి మునిగెను. వేయిమందికి పైగా మడిసిరి. 1714లో ఆంగ్ల పార్లమెంటువారు రేఖాంశమును అర డిగ్రీలోపల కనిపెట్టు ఉపాయము చూపినవానికి 20,000 పౌనుల బహుమానము ప్రకటించి, పరీక్షించుట కొక సంఘమును నియమించిరి.

జాన్ హారిసను 1693 మార్చి 24వ తేదీని యార్కుషైరులోని ఫౌల్బీ అను పల్లెలో జన్మించెను. చేతిపనివారి వంశచరిత్రములు గ్రంథములలో దొరకుట అరుదు. బాప్తిస్మపు పట్టికలు, వివాహపు పట్టికలు, సమాధుల పట్టికలు, వస్తువులపై చెక్కిన పేర్లు, ఇవియే వారి వంశవృక్షములు. తండ్రి హెన్రీ వడ్రంగి. ఆ కుటుంబము లింకనుషైరులోని బారో గ్రామమునకు తరలిపోయెను. జాన్ తండ్రియొద్దనే కొయ్యపని నేర్చెను. దేవాలయపు గాయకబృందమును నడిపెను. బడిచదువు లేకున్నను జ్ఞానతృష్ణ మెండు. కేంబ్రిడ్జిలోని అంధపండితుడు సాండర్సను ప్రకృతిశాస్త్రముపై చేసిన ఉపన్యాసముల ప్రతి నొక బోధకు డెరవిచ్చెను. హారిసను దానిని పటములతో సహా స్వహస్తముతో నకలు వ్రాసికొనెను.

ఇరువదియేండ్ల ప్రాయమున, 1713లో, ఆతడు తొలి గడియారమును చేసెను. చక్రములు ఓకుకఱ్ఱవి, ఇరుసులు మఱియొక గట్టికఱ్ఱవి. 1722 ప్రాంతమున బ్రాక్లెస్బీలో కట్టిన గోపురపు గడియారమునకు సహజముగా జిడ్డుగల ఉష్ణదేశపు కఱ్ఱను వాడి నూనె అక్కఱలేకుండ చేసెను. తమ్ముడు జేమ్సు తోడుపడెను; ఆతని పేరు గల గడియారమును నేటికి నిలిచియున్నది. ఇత్తడి కమ్ములను ఉక్కు కమ్ములను జతపఱచి, ఒకదాని సాగుదల మఱియొకదానిచేత సరిపడునట్లు లోలకమును నిర్మించి, వేడిమివలని దోషమును అన్నదమ్ములు తొలగించిరి.

1730లో హారిసను లండనునకు పోయి ఖగోళజ్ఞుడైన హాలీని, గడియారనిర్మాతయగు జార్జి గ్రాహామును దర్శించెను. గ్రాహాము వడ్డీగాని తాకట్టుగాని కోరక ద్రవ్యమును బదులిచ్చెను. ఐదేండ్లకు తొలి నౌకాగడియారము పూర్తియై 1736లో లిస్బనుకు వెళ్లివచ్చెను. తిరుగుప్రయాణమున ఓడ నాయకుని లెక్క తప్పినదనియు, గడియారపు లెక్కయే సరియనియు తీరము చేరగానే తేలెను. మఱుసటి యేడు సంఘమువారు సంతోషించి మెచ్చుకొనిరి. బహుమానమునకై జమైకా పరీక్ష కోరవలసిన సమయ మదియే. హారిసను కోరలేదు. ఆ సభలో తన గడియారమును తప్పుపట్టినవాడు తానొక్కడే! లోపములను తానే చెప్పి, ఇంకను మేలైనది చేయుటకు 500 పౌనుల సాయము మాత్రమే అడిగెను. రెండవదియును ఆతనికి తృప్తి నీయలేదు. మూడవదానిపై 19 ఏండ్లు శ్రమించెను. తుదకు 1759లో పెద్ద యంత్రముల నాశ విడిచి, అఱచేతిలో ఇముడు జేబుగడియారము వంటి నాలుగవదానిని ముగించెను.

1761లో హారిసను వయస్సు 68. అందుచేత కుమారుడు విలియము గడియారముతో జమైకాకు ప్రయాణమయ్యెను. 81 దినములలో తప్పినది 5 సెకండ్లు మాత్రమే. సంఘమువారు అది అదృష్టమేమో యని సందేహించిరి. 1764లో విలియము బార్బడోసునకు పోయెను. 47 దినములకు తప్పు 39 సెకండ్లు. కోరినదానికంటె మూడురెట్లు మేలు! అయినను 1765లో గడియారమును విప్పించి, మర్మము నెఱింగించుకొని, సగము ధనమే యిచ్చిరి. ఇతరులును అట్టివి చేయగలరని రుజువుకావలెనన్న వారి వాదమున న్యాయము కొంత లేకపోలేదు. కాని సంఘమున నొకడగు మాస్కెలీను చంద్రుని గతినిబట్టి లెక్కించు వేఱొక పద్ధతిని సమర్థించువాడు. అట్టివానినే హారిసను గడియారమునకు పరీక్షకునిగా నుంచుట న్యాయమనిపించుకొనదు.

వృద్ధుడు అధైర్యపడలేదు, ఐదవదానిని చేసెను. విలియము మొఱ విని మూడవ జార్జిరాజు 1772లో దానిని స్వయముగా పరీక్షించెను. 1773లో పార్లమెంటు 8,750 పౌనులొసగెను. హారిసనుకు అప్పుడు ఎనుబదియేండ్లు. నాలుగవదానికి కెండాలు చేసిన ప్రతిరూపము కెప్టెను కుక్కుతో 1772 మొదలు 1775 వఱకు దక్షిణసముద్రములు చుట్టివచ్చి తన విలువను చాటెను. ఆ వార్త విన్న పిమ్మట, 1776 మార్చి 24న, తన జన్మదినముననే హారిసను కన్నుమూసెను. ఆతని నౌకాగడియారములను నేటికిని గ్రీనిచ్చిలో చూడవచ్చును.

ఈ కథ యొక్క కొమ్మ యొకటి మన తీరమునకును వ్రాలినది. మన తూర్పుతీరమును కొలిచిన మైకేలు టాపింగు ప్రయత్నమువలన 1792లో మద్రాసు వేధశాల కట్టబడెను. దానిలోని ఖగోళగడియారము షెల్టను చేసినది. ఆ షెల్టను, హారిసనును ఆదుకొనిన గ్రాహాముకొఱకు పనిచేసినవాడే. ఆ గడియారము తరువాత కొడైకెనాలు చేరెను. టాపింగు 1796లో మన బందరులోనే మరణించెను.

విద్యార్థులారా! పరీక్షకులు ఒకప్పుడు న్యాయము చేయుదురు, ఒకప్పుడు చేయకపోవుదురు. హారిసను వారికంటె ముందు తన పనిని తానే పరీక్షించుకొనెను. తప్పును దాచక చెప్పుకొనెను. బందరునుండి గాని, గుడివాడనుండి గాని, దివిసీమ పల్లెలనుండి గాని మా తరగతులకు వచ్చు పిల్లలలో చేతిపనివారి బిడ్డలు అనేకులు గలరు. తండ్రి చేతి ఉలి సిగ్గుపడదగినది కాదని వారు గ్రహింతురుగాక యని మేము కోరుచున్నాము.