నీటికి ఓడిన దారం

నైలాన్ పేరు వినని వారుండరు. దానిని సృష్టించిన వాలెస్ కరోథర్స్ పేరు మాత్రం రసాయనశాస్త్ర గ్రంథాలను దాటి అంతగా వ్యాపించలేదు.

ఆయన 1896 ఏప్రిల్ 27న అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, బర్లింగ్టన్ పట్టణంలో జన్మించాడు. టార్కియో కళాశాలలో విద్యార్థిగా ఉంటూనే రసాయనశాస్త్రం బోధించిన ప్రతిభాశాలి. 1924లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొంది, కొంతకాలం హార్వర్డులో బోధించి, 1928లో విల్మింగ్టన్‌లోని డ్యూపాంట్ పరిశోధనాలయంలో చేరాడు.

పాలిమర్లంటే చిన్న అణువుల గుంపులేనని ఆనాడు పలువురు నమ్మేవారు. అవి పొడవైన గొలుసులని జర్మనీ శాస్త్రజ్ఞుడు స్టాడింగర్ వాదించాడు. కరోథర్స్ వాదనకు దిగలేదు; గొలుసులను స్వయంగా అల్లి చూపదలచాడు. ఆమ్లం, ఆల్కహాలు కలిసినప్పుడు ఎస్టర్ బంధం ఏర్పడి నీరు వెలువడుతుంది. రెండు చివరలా ఇట్టి బంధాలను ఏర్పరచగల అణువులను ఎన్నుకుంటే గొలుసు పెరుగుతూ పోతుంది. 1930లో ఆయన సహచరుడు జూలియన్ హిల్ అలా తయారైన పాలియెస్టర్ నుండి పట్టు వంటి దారాన్ని లాగాడు. ఆ సంతోషం ఎంతోకాలం నిలువలేదు. దారం తక్కువ వేడికే కరిగేది. నీటి తాకిడికి ఓర్చుకొనేది కాదు. బంధం ఏర్పడే వేళ వెలుపలికి పోయిన నీరే మరల వచ్చి ఆ బంధాన్ని తెంచేది. దీనినే జలవిశ్లేషణ అంటారు. ఉతికితే నిలువని దారాన్ని కొనేదెవరు? 1932లో లాక్టైడ్ వంటి ఎస్టర్లపై పరిశోధనాపత్రం వెలువరించినా, కరోథర్స్ చివరకు మరింత దృఢమైన ఎమైడ్ బంధాన్ని ఆశ్రయించాడు. 1935 ఫిబ్రవరి 28న నైలాన్ రూపొందింది.

అప్పటికే తీవ్రమైన మానసిక కుంగుబాటు ఆయనను పీడిస్తున్నది. నేటి చికిత్సలు ఆనాడు లేవు. 1937 జనవరిలో చెల్లెలు ఇసబెల్ మరణించింది. అదే ఏప్రిల్ 29న, 41 ఏళ్ల వయసులో, కరోథర్స్ బలవన్మరణం పొందాడు. నైలాన్ విపణికి చేరడాన్ని గాని, ఆ నవంబరులో పుట్టిన కుమార్తెను గాని ఆయన చూడలేదు.

ఆయన విడిచిపెట్టిన ఎస్టర్ బంధాన్ని తరువాతి తరం వైద్యానికి వినియోగించింది. 1970ల నాటికి గ్లైకాలిక్ ఆమ్లపు పాలిమర్ దారాలతో వైద్యులు కుట్లు వేయసాగారు; వాటిని విప్పే పని లేదు. అనంతరం లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాల నుండి తయారైన పాలిమర్ సూక్ష్మగోళాలలో ఔషధాన్ని పొదిగారు. దేహంలోని నీరు గొలుసులను క్రమంగా తెంచుతుంటే మందు కొద్దికొద్దిగా వెలువడుతుంది. లాక్టిక్ ఆమ్లం పాలు హెచ్చినకొద్దీ సాధారణంగా ఆ విడుదల నెమ్మదిస్తుంది. 1989లో అమెరికాలో అనుమతి పొందిన ల్యూప్రోలైడ్ ఇంజెక్షను ఇట్టిదే. ప్రోస్టేట్ క్యాన్సర్ రోగికి దినదినమూ సూది పొడవవలసిన అవసరం తప్పి, నెలకొక్కటి చాలింది. గొలుసు తెగిన పిదప మిగిలిన ఆమ్లాలను దేహం కార్బన్ డయాక్సైడుగా, నీరుగా మార్చి విసర్జిస్తుంది.