కరువునాటి కాపరి క్లౌ దొరగారు

శతవార్షికోత్సవము జరుపుకొను ఈ సమయమున, ఈ తీరములో పాటుపడి గతించిన దైవజనులను జ్ఞాపకము చేసికొనుట మన విధి. నెల్లూరు మొదలు ఒంగోలు వరకు జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి పేరు వినని క్రైస్తవ కుటుంబము అరుదు. వారు అమెరికన్ బాప్టిస్టు మిషనుకు చెందినవారైనను, ఈ ప్రాంతపు క్రైస్తవులందరికిని పెద్దలే. కోవిడ్ తెగులు వచ్చినప్పుడు టీకా విషయమై మన సంఘములలో కలిగిన కలవరమును తలంచుకొనినచో, వారి జీవితము మరల ఒకసారి చదువుకొనదగినదిగా తోచుచున్నది.

క్లౌ గారు 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమందు జన్మించిరి. వారిని డాక్టరు క్లౌ అని పిలిచినను వారు వైద్యులు కారు. అది దైవశాస్త్రమున ఇచ్చిన గౌరవ బిరుదు. యౌవనమున మిన్నెసోటా ప్రాంతములో ప్రభుత్వ సర్వే పనిచేసిరి. నేల కొలుచుట, మనుష్యులను కూర్చి పనిచేయించుట అక్కడ నేర్చినవే. ఆ విద్య తెలుగు దేశములో వేలమందికి అన్నము పెట్టునని వారికి అప్పుడు తెలియదు.

1864 నవంబరులో బోస్టను రేవున ఓడ ఎక్కి, మరుసటి సంవత్సరము నెల్లూరు చేరిరి. ఈ మిషను 1840లో శామ్యూల్ డే దొరగారు నెల్లూరులో స్థాపించినది. తెలుగు నేర్చుకొని 1866లో క్లౌ గారు ఒంగోలు వెళ్లిరి. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘము ఏర్పడెను. తాళ్లకొండపాడు గ్రామస్థుడైన యెర్రగుంట్ల పేరయ్యగారి సాక్ష్యమువలన మాదిగ పల్లెలలో విశ్వాసులు పెరిగిరి. వారిని చేర్చుకొన్నచో మేము రాలేమని పై కులములవారు చెప్పగా, దొరగారు దీనులనే చేర్చుకొనిరి.

1876లో వానలు పోయినవి. 1877 నాటికి మద్రాసు రాజధానిలో అధిక భాగము కరువు వాతబడెను. పశువులు చచ్చినవి, విత్తనపు గింజలు కూడ తినివేయబడినవి. కరువు వెంట కలరా, మశూచి వచ్చినవి. లక్షలాది జనులు మరణించిరి. మశూచికి అప్పటికే టీకా ఉండెను గాని, కలరాకు మందే తెలియదు. హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుడు మన దేశములో కలరా టీకాలు వేయ మొదలుపెట్టినది 1893లో.

కరువు పనిగా ప్రభుత్వము సముద్రపు ఒడ్డు వెంబడి బకింగ్‌హాం కాలువ త్రవ్వించుచుండెను. పని ఉన్నది, కూలి ఉన్నది. అయినను మన పేద క్రైస్తవులు పోవుటకు జంకిరి. అక్కడి మేస్త్రీలు తిట్టుదురు, కొట్టుదురు, కూలిలో కోత పెట్టుదురని వారి భయము. ఆ భయము వట్టిది కాదు. క్లౌ గారు వారిని అవిశ్వాసులని గద్దింపలేదు, ప్రభుత్వమును నిందించుచు కూర్చుండనూ లేదు. తామే మూడున్నర మైళ్ల కాలువ పనిని కంట్రాక్టుకు తీసికొని, తమ బోధకులను పనిమీద పెద్దలుగా నిలిపిరి. తమకు తెలిసిన మనిషి అక్కడ ఉన్నాడని విని జనులు తట్టా పలుగు పట్టుకొని వచ్చిరి. క్రైస్తవులే గాక ఇతరులును వేలాదిగా వచ్చి ప్రాణము నిలుపుకొనిరి. కూలి అందరికిని ఒక్కటే. మతము అడిగి పని ఇచ్చుట లేదు.

పనివారు అలసి కూర్చున్నప్పుడు బోధకులు సువార్త చెప్పిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి. ఇక్కడనే దొరగారి గుణము తెలియుచున్నది. సంఘము పెరుగవలెనని ఏ మిషనరీకి ఉండదు? అయినను అన్నము కొరకు వచ్చినవారెవరో, ప్రభువు కొరకు వచ్చినవారెవరో కరువులో తెలియదు గనుక, ఇంచుమించు పదిహేను నెలలు బాప్తిస్మములు నిలిపివేసిరి. సహాయము ముగిసి, ఇక ఇచ్చుటకు ఏమియు లేదని తెలిసిన తరువాతనే, 1878 జూన్‌లో మరల మొదలుపెట్టిరి. జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో నిలిచి ఇచ్చిరి. దొరగారు ఆ దినమున తమ చేతితో ఒక్కరికిని ఇవ్వలేదు.

తరువాత మూడు దశాబ్దములు ఒంగోలు కేంద్రముగా సేవచేసి, 1910 నవంబరు 24న రోచెస్టరు నగరములో ప్రభువునందు నిద్రించిరి. ఒంగోలులో వారి పేరుతో వైద్యశాల వెలసెను.

ఇప్పుడు మన కాలమునకు వత్తము. 2021 జనవరి 16న దేశములో కోవిడ్ టీకా మొదలయ్యెను. అది మృగము ముద్ర అని కొందరు, టీకా వేయించుకొనుట విశ్వాసలోపమని కొందరు చెప్పిరి. వేయించుకొనని వారిని గుడికి రానీయరాదని మరికొందరు పట్టుబట్టిరి. అదే సంవత్సరము మే నెలలో మన కృష్ణపట్నమున ఆయుర్వేద మందు పంచగా, దూర ప్రాంతములనుండి కూడ వేలాది జనులు వచ్చి వరుస కట్టిరి. భయములో ఉన్న మనిషి తాను నమ్మిన చేతి వద్దకే పోవును. 1877లో కాలువ గట్టుమీద కనబడినదియు ఇదియే.

2022 మే 2న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ఎవరికిని బలవంతముగా టీకా వేయరాదనియు, అయితే ప్రజారోగ్యము నిమిత్తము ప్రభుత్వము సహేతుకమైన కట్టడులు చేయవచ్చుననియు తెలిపెను. నాటి పరిస్థితిలో టీకా లేనివారిని బహిరంగ స్థలములకు రానీయకుండుట తగదనియు చెప్పెను. చట్టము తన హద్దు చెప్పినది. సంఘము హద్దు ఏది?

క్లౌ గారి నడతలో దానికి జవాబు ఉన్నది. లోకహితమైన పనికి సంఘము తన మనుష్యులను ఇచ్చి తోడ్పడవలెను. మరల తెగులు వచ్చి ప్రభుత్వము టీకా కోరినచో, గుడి ఆవరణము టీకా కేంద్రము కానిండు; పాస్టరుగారు, సంఘపెద్దలు ముందుగా చేయి చాపి వేయించుకొననిండు. జంకువానిని ఎగతాళి చేయక, అతని భయము విని, ఆరోగ్య కార్యకర్త చెంతకు వెంటబెట్టుకొని పోవుడి. గుంపు కూడుట అపాయమైన దినములలో ఎడము పాటించుడి, ఆరుబయట ఆరాధించుడి, అవసరమైన గుడి తలుపు కొన్నాళ్లు అందరికిని మూయుడి. అది పొరుగువాని ప్రాణము కొరకు. కాని టీకా చీటీని ప్రభువు బల్లకు టిక్కెట్టు చేయకుడి. అన్నమును బాప్తిస్మమునకు వెలగా కట్టనివారి వారసులము మనము. సూదిని కృపకు వెలగా కట్టుట మనకు తగదు. అట్లే దేవుని పేరు చెప్పి టీకాను అడ్డుకొని, బీదవాని ప్రాణమును అపాయములో పెట్టుటయు తగదు.

ఆ కాలువ నేటికిని మన తీరము వెంట కనబడుచున్నది. దానిని చూచినప్పుడెల్ల, నమ్మకము సంపాదించిన సంఘమే ఆపత్కాలమున జనులను నడిపింపగలదని తలంచుకొందము. అట్టి నమ్మకమునకు తగినవారినిగా ప్రభువు మనలను చేయునుగాక.