కడలి దాటి వచ్చిన నాదం: బాలస్వామి దీక్షితులు

కర్ణాటక సంగీత సభలో గాయకుని పక్కన ఫిడేలు లేకపోతే నేడు కచేరీకి నిండుదనం రాదు. అయితే రెండు శతాబ్దాల కిందట అది ఓడలలో సముద్రం దాటి వచ్చిన పరదేశి వాద్యం. దానిని చేరదీసి మన రాగాలను పలికించిన తొలివారిలో అగ్రగణ్యులు బాలస్వామి దీక్షితులు.

ఆయన 1786లో జన్మించారు. తండ్రి రామస్వామి దీక్షితులు హంసధ్వని రాగ స్రష్ట. పెద్దన్న ముత్తుస్వామి దీక్షితులు సంగీత త్రిమూర్తులలో ఒకరు. మద్రాసుకు ఉత్తరాన ఉన్న మణలిలో ముద్దుకృష్ణ మొదలియారు ఆదరణ లభించగా, ఆ కుటుంబం తిరువారూరు నుంచి అక్కడికి తరలివచ్చింది.

ఆనాటి మద్రాసుకు కట్టిన రేవు లేదు. ఓడలు దూరాన లంగరు వేసి నిలిస్తే, మసులా పడవలు కెరటాలను దాటి మనుషులనూ సరకులనూ ఒడ్డుకు చేర్చేవి. నావికులకు దారి చూపడానికి 1796లో సెయింట్ జార్జి కోటలోని ఒక మేడపై కొబ్బరినూనె దీపాలు వెలిగాయి. అదే ఈ నగరపు తొలి లైట్‌హౌసు. ఆంగ్లేయుల బాండు వాద్యాలు, నృత్యగీతాలు కూడా ఈ సముద్ర మార్గాననే వచ్చాయి. ముద్దుకృష్ణుని కుమారుడు వెంకటకృష్ణ మొదలియారు కుంపిణీవారి దుబాసీ. ఆయన మూలంగా దీక్షిత సోదరులకు కోటలోని వాద్యబృందాన్ని వినే అవకాశం కలిగింది.

బాలస్వామి మనస్సు ఫిడేలుపై నిలిచింది. మొదలియారు ఒక ఐరోపా వాద్యకారుని గురువుగా కుదిర్చారు. వైదిక కుటుంబంలో పుట్టిన ఆ యువకుడు పరదేశి ఎదుట శిష్యుడై మూడేళ్లు సాధన చేశారు. అనుకరణతో తృప్తిపడక, ఆ తీగలపై మన సంగీతాన్ని వినిపించారు. కాలక్రమాన మనవారు నేలపై కూర్చుని, ఫిడేలు తలను పాదంపై ఆనించి, తీగలను షడ్జ పంచమాలకు శ్రుతి చేసుకునే పద్ధతి స్థిరపడింది. ముత్తుస్వామి ఆ బాండు వరుసలకే సంస్కృత సాహిత్యం కూర్చి, శంకరాభరణ స్వరాలలో నోట్టుస్వరాలు రచించారు. ఆంగ్లేయుల రాజగీతపు వరుస సైతం ఆయన చేతిలో దేవీస్తుతిగా మారింది.

తరువాత బాలస్వామి ఎట్టయాపురం ఆస్థాన విద్వాంసులయ్యారు. అక్కడికి వచ్చిన అన్నగారు 1835 దీపావళినాడు అక్కడే పరమపదించారు. బాలస్వామి తమ దౌహిత్రుడైన సుబ్బరామ దీక్షితులను దత్తత తీసుకుని, 1859లో కన్నుమూశారు. ఆ సుబ్బరామ దీక్షితులే తమ వంశ సంగీత నిధిని స్వరసహితంగా సేకరించి, 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శినిగా ప్రకటించారు. తమిళ సీమలో వెలువడిన ఆ మహాగ్రంథం తెలుగులో రచింపబడినది.

బాలస్వామి నాటిన ఆ విద్య తెలుగునాట కూడా వేళ్లూనింది. విజయనగరంలో వెలుగొంది మద్రాసుకు తరలివచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి కీర్తి అందుకు నిదర్శనం. పరాయి విద్యను నేర్వడం వల్ల సొంత స్వరం పోదు. సొంత శ్రుతిని మరచిననాడే అది పోతుంది. తమ శ్రుతిని వీడక కడలి నాదాన్ని ఆహ్వానించిన బాలస్వామి దీక్షితుల జీవితం విద్యార్థులకు ఎన్నటికీ ఆదర్శప్రాయం.