గురజాడ వారి ఇంగ్లీషు చదువు

మహాకవి గురజాడ అప్పారావు గారు 1862లో ఎస్.రాయవరంలో జన్మించారు. తండ్రి మరణించాక, మన కొత్తవలసకు దగ్గరలోని విజయనగరం చేరారు. మహారాజా కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖరశాస్త్రి గారు తమ ఇంట ఉచితంగా భోజనం, వసతి కల్పించారు. విద్యార్థిగానే ఇంగ్లీషులో 'సారంగధర' కావ్యం రాశారు. దానిని మెచ్చిన కలకత్తా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ గారు మాతృభాషలో రాయమని సలహా ఇచ్చారు. 1886లో బి.ఏ. పూర్తిచేశారు. డైరీలు ఎక్కువగా ఇంగ్లీషులోనే రాసుకునేవారు.

'కన్యాశుల్కం' నాటకంలో గిరీశం నాలుగు ఇంగ్లీషు ముక్కలతో డాబు కొడతాడు. గురజాడ వారు 1897లో అదే నాటకానికి ఇంగ్లీషులో ముందుమాట రాసి, వాడుక తెలుగును సమర్థించారు. 1915లో కన్నుమూశారు.

మిత్రులారా! ఇంగ్లీషు డాబుకు కాదు, మన మాట పదిమందికీ అర్థమయ్యేలా చెప్పడానికి. తప్పులకు భయపడక రోజూ మాట్లాడదాం, రాద్దాం.