భర్త హత్యకు గురైన కొద్ది రోజులకే శిబిరాల్లో సేవకు.. బేగం అనీస్ కిద్వాయ్ జీవితం

దేశ విభజన గురించి మాట్లాడేటప్పుడు మనం నాయకుల పేర్లు చెప్పుకుంటాం, సరిహద్దు గీత గురించి చెప్పుకుంటాం, రైళ్లలో జరిగిన మారణకాండ గురించి చెప్పుకుంటాం. ఆ తర్వాత మిగిలిన వాళ్ల సంగతేంటి? తల్లి కనిపించని పిల్లాడిని ఎవరు పట్టుకున్నారు? ఎత్తుకుపోయిన ఆడపిల్ల తిరిగొస్తే ఆమె పక్కన ఎవరు కూర్చున్నారు? ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే తప్పకుండా ఎదురయ్యే పేరు బేగం అనీస్ కిద్వాయ్.

యుద్ధాలు, అల్లర్లలో చిక్కుకున్న పిల్లలకు, కుటుంబాలకు అన్నం, గుడ్డ, మందు ఇస్తే సరిపోదనీ, మనసుకు కూడా ఆసరా కావాలనీ ఇవాళ అంతర్జాతీయ సంస్థలన్నీ చెప్తున్నాయి. దానికి శిక్షణలు ఉన్నాయి, నిపుణులు ఉన్నారు. 1947లో ఇవేమీ లేవు. అనీస్ బేగం కాలేజీ మెట్లు కూడా ఎక్కలేదు.

బారాబంకీ నుంచి ఢిల్లీకి

అనీస్ 1906లో ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ ప్రాంతంలో కిద్వాయ్ వంశంలో పుట్టారు. తండ్రి విలాయత్ అలీ. మౌలానా మొహమ్మద్ అలీ జౌహర్ నడిపిన 'కామ్రేడ్' పత్రికలో 'బంబూక్' అనే కలం పేరుతో హాస్య వ్యాసాలు రాసేవారు. 1918లో ఆయన చనిపోయేసరికి అనీస్‌కు పన్నెండేళ్లు. చదువు ఇంట్లోనే సాగింది. షఫీ అహ్మద్ కిద్వాయ్‌తో పెళ్లయింది. స్వాతంత్ర్య సమరయోధుడు, తర్వాత కేంద్ర మంత్రి అయిన రఫీ అహ్మద్ కిద్వాయ్‌కు షఫీ సాహెబ్ తమ్ముడు.

1947లో షఫీ సాహెబ్ ముస్సోరీ మున్సిపాలిటీ బాధ్యతలు చూస్తున్నారు. ఊరు అంటుకుంది. వెళ్లిపొమ్మని అయినవాళ్లు చెప్పినా ఆయన కుర్చీ వదల్లేదు. అక్టోబరులో ఆయన్ని చంపేశారు.

ఇంట్లో కూర్చుని ఏడ్చినా, ఇద్దత్ పూర్తయ్యేదాకా గడప దాటకపోయినా ఆమెను ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కానీ ఆమె ఢిల్లీ వెళ్లి గాంధీజీని కలిశారు. ఆయన ఆమెను ఓదార్చి ఊరుకోలేదు, పని అప్పజెప్పారు. ఢిల్లీలో ముస్లింలు తలదాచుకున్న శిబిరాలకు వెళ్లమన్నారు.

పురానా ఖిలా, హుమాయూన్ సమాధి

అప్పటి ఢిల్లీ ముస్లింలకు రెండు పెద్ద ఆశ్రయాలు పురానా ఖిలా, హుమాయూన్ సమాధి. రెండూ మన చరిత్ర పుస్తకాల్లో కనిపించే కట్టడాలే. ఆ రోజుల్లో మాత్రం వాటి గోడల మధ్య లక్షకు పైగా జనం పడి ఉన్నారు. గుడారాలు చాలవు, నీళ్లు చాలవు, వాన పడితే బురద. చలికాలం ముంచుకొస్తోంది, కప్పుకోవడానికి లేదు. పిల్లలు జ్వరాలతో పోతున్నారు. చనిపోయినవాళ్లకు కఫన్ గుడ్డ దొరకడమే కష్టమైంది.

అక్కడ అనీస్ బేగం చేసిన పనులు రాస్తే చిన్నవిగా కనిపిస్తాయి. రోగుల దగ్గర ఉండటం, బట్టలు పంచడం, తప్పిపోయినవాళ్ల కోసం వాకబు చేయడం, ఏడ్చేవాళ్ల మాట చివరిదాకా వినడం. ఈ చివరిదే పెద్ద పని. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఉపన్యాసం పనికిరాదు, వినే మనిషి కావాలి. ఆ బాధ తెలిసిన మనిషి అయితే ఇంకా మంచిది. భర్తను పోగొట్టుకుని నెల కూడా సరిగ్గా తిరగని స్త్రీ ఎదురుగా కూర్చుంటే అవతలివాళ్లు నోరు విప్పారు. వాళ్ల కథలు వింటూ వింటూ ఆమె కూడా నిలదొక్కుకున్నారు.

జామియా మిల్లియా వాళ్లు కూడా సేవకు దిగారు. అప్పుడు జామియాకు పెద్ద దిక్కు మన హైదరాబాద్‌లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుసేన్. ఆ ఆగస్టులోనే జలంధర్ దగ్గర ఆయన ప్రాణాలతో బయటపడటమే గగనమైంది. సుభద్రా జోషీ లాంటి హిందూ సోదరీమణులతో కలిసి అనీస్ బేగం శాంతి దళంలో కూడా పనిచేశారు. మొహల్లాలు, పల్లెలు తిరిగి, భయపడిన ముస్లింలను ఇళ్లలోనే ఉండేలా ఒప్పించడం, ఇరుగుపొరుగుకు నచ్చజెప్పడం ఆ దళం పని. మనిషికి మళ్లీ తన వీధి, తన దుకాణం, తన పొరుగు దొరికితేనే మనసు కుదుటపడుతుందని వాళ్లు నమ్మారు.

తిరిగొచ్చిన ఆడవాళ్లు, మధ్యలో పిల్లలు

అన్నింటికంటే కష్టమైన పని తర్వాత మొదలైంది. రెండు దేశాల్లోనూ వేల మంది ఆడవాళ్లను ఎత్తుకుపోయారు. ఇటువైపు 50 వేల మంది ముస్లిం స్త్రీలు, అటువైపు 33 వేల మంది హిందూ, సిక్కు స్త్రీలు అని అప్పటి ప్రభుత్వ అంచనా. వాళ్లను వెతికి సొంతవాళ్లకు అప్పగించాలని 1947 డిసెంబరులో రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. మృదులా సారాభాయ్ ఆధ్వర్యంలో పని నడిచింది. అనీస్ బేగం అందులో చేరారు. 1949లో దీనికి ఒక చట్టం కూడా వచ్చింది. కొన్నేళ్లలో సుమారు 30 వేల మందిని వెనక్కి తెచ్చారు.

లెక్క చూస్తే ఘనవిజయం. కానీ లెక్కలో పట్టనిది ఒకటుంది. చట్టం ఆమె ఇష్టాన్ని అడగలేదు. కొందరు రానన్నారు. దాన్ని ప్రేమ అనో, బ్రెయిన్‌వాష్ అనో తేల్చేసినవాళ్లు ఉన్నారు. అనీస్ బేగం అలా తేల్చేయలేదు. తనవాళ్లు బతికున్నారో లేదో తెలియదు, ఉన్నా ఇంట్లోకి రానిస్తారో లేదో తెలియదు, సిగ్గు నోరు నొక్కేస్తోంది, చావు నుంచి కాపాడిన మనిషి మీద కృతజ్ఞత కూడా ఉంది. ఇన్ని ముళ్ల మధ్య ఉన్న అమ్మాయి రానంటే ఆశ్చర్యం ఏముంది అని ఆమె అర్థం చేసుకున్నారు. కాపాడాల్సిన పోలీసులే కొన్నిచోట్ల తోడేళ్లతో కలిసిన సంగతి కూడా ఆమె దాచలేదు.

మరి ఆ తల్లుల ఒళ్లో పుట్టిన పిల్లలు? ఏ దేశం వాళ్లు? ఏ ఇంటివాళ్లు? అధికారులు సమావేశాలు పెట్టి మరీ చర్చించారు. చాలామంది తల్లులు బిడ్డను వదిలి రావాల్సి వచ్చింది. ఈ బలవంతం నచ్చక, సలహాదారుగా ఉన్న రామేశ్వరీ నెహ్రూ పదవి వదులుకున్నారు. అనీస్ బేగం మాత్రం పనిలోనే ఉండి, చూసింది చూసినట్టు రాశారు. ఎవరిది సరైన దారి అనేది ఇవాళ్టికీ తేలని ప్రశ్న. ఆడవాళ్లను ఇంటి పరువుగా, దేశం పరువుగా లెక్కగట్టినంతకాలం వాళ్ల మనసు, వాళ్ల బిడ్డల మనసు ఎవరికీ పట్టదు. ఆమె రాతల్లో మనకు దొరికే పాఠం ఇదే.

పుస్తకం, పార్లమెంటు

ఆమె అనుభవాలు 'ఆజాదీ కీ ఛావ్ మే' అనే ఉర్దూ పుస్తకం అయ్యాయి. ఘటనల వేడి తగ్గకముందే రాసినా, అచ్చయింది మాత్రం పాతికేళ్ల తర్వాత, 1974లో. 2011లో మనవరాలు ఆయేషా కిద్వాయ్ దాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. ముస్లింలపై జరిగింది రాసిన చేత్తోనే ముస్లింలు చేసింది కూడా రాశారు కాబట్టి ఆ పుస్తకానికి విలువ. 1956 నుంచి 1968 వరకు ఆమె రాజ్యసభ సభ్యురాలు. 1982లో కన్నుమూశారు.

మన తెలుగు నేలకు కూడా ఇది దూరపు కథ కాదు. 1948 సెప్టెంబరులో పోలీస్ చర్య తర్వాత హైదరాబాద్ సంస్థానంలో జరిగిన హింసను పండిత్ సుందర్‌లాల్ కమిటీ ఊరూరా తిరిగి నమోదు చేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనానికి అందలేదు. వితంతువులైన తల్లులు, తండ్రి లేని పిల్లలు ఆ భారాన్ని నోరు విప్పకుండానే మోశారు. ఎన్నో ఇళ్లల్లో ఆ మాటలు దాదీ, నానీలతోనే ఖబ్రస్తాన్‌కు వెళ్లిపోయాయి.

అనీస్ బేగం దగ్గర డబ్బు లేదు, డిగ్రీ లేదు. బాధపడే మనిషి పక్కన కూర్చునే ఓపిక ఉంది. మీ ఇంట్లో ఆ రోజులు చూసిన పెద్దలు ఇంకా ఉంటే, ఈ వారం ఒక గంట వాళ్ల దగ్గర కూర్చోండి. వాళ్లు చెప్పేది మధ్యలో ఆపకుండా వినండి.