బోదకాలు మాత్ర వెనుక మన భీమవరం బిడ్డ.. ఎవరీ యల్లాప్రగడ సుబ్బారావు?

విశాఖ సహా కోస్తా జిల్లాల్లో బోదకాలు నివారణకు ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగి డీఈసీ మాత్రలు పంచారు. ఆ మందును కనిపెట్టిన బృందానికి నాయకుడు మన తెలుగోడే అని చాలామందికి తెలీదు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతున్నప్పుడు ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. చివరికి ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఆయన సోదరులు ఇద్దరినీ రోజుల తేడాలో బలి తీసుకుంది. ఆయనకూ అదే జబ్బు వచ్చింది, త్రుటిలో బయటపడ్డారు.

1922లో భార్యను ఇక్కడే వదిలి బోస్టన్ వెళ్లారు. ఆస్పత్రిలో చిన్నాచితకా పనులు చేస్తూనే హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ల్యాబ్‌లో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసింది. సోదరులను మింగిన స్ప్రూకు ఇప్పటికీ వాడే మందుల్లో అదొకటి!

డీఈసీ మందు 1947లో వచ్చింది. దీని తీరే వేరు. గాజు గొట్టంలో బోదకాలు పురుగు పిల్లల మీద పెద్దగా పనిచేయదు. ఒంట్లోకి వెళ్లాక మాత్రం వాటిని మన రోగనిరోధక శక్తికి పట్టించేస్తుంది.

ఇదే బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌ది ఇంకో దారి. మామూలుగా మన రక్తంలోని తెల్ల కణాలు, కాంప్లిమెంట్ ప్రోటీన్లు కలిసి క్రిములతో పోరాడతాయి. ఆ రక్షణ దళమే దారి తప్పి సొంత కీళ్లపై పడితే రుమటాయిడ్ ఆర్థరైటిస్ వస్తుంది. ఆ దూకుడుకు మెథోట్రెక్సేట్ కళ్లెం వేస్తుంది. క్యాన్సర్ చికిత్సలోనూ ఈ మందు వాడతారు.

అంటే ఒక మందు ఇమ్యూనిటీకి తోడుగా నిలుస్తుంది, ఇంకొకటి హద్దు మీరిన ఇమ్యూనిటీని అదుపు చేస్తుంది. రెండింటి వెనుకా ఉన్నది ఆయనే.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు. బోస్టన్ ఓడ ఎక్కిన మనిషి మళ్లీ సొంతగడ్డ మీద అడుగుపెట్టలేదు. నోబెల్ రాలేదు. 1995లో శత జయంతికి భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు తెచ్చింది. కీళ్లవాతానికి వైద్యులు రాసే చీటీల్లో మెథోట్రెక్సేట్ పేరు మాత్రం ఇవాళ్టికీ కనిపిస్తూనే ఉంది.