లీ డి ఫారెస్టు జీవితము

ఈ సంవత్సరము నంద్యాల, ఆళ్లగడ్డ విద్యార్థులు కొందరు కిట్టు తెప్పించుకొని, వాల్వులతో పనిచేయు గిటారు యాంప్లిఫయరును మొదటిసారిగా కూర్చుచున్నారు. ఆ వాల్వును కనిపెట్టిన వారెవరో, అందువలన వారికేమి లభించెనో పిల్లలెరుగుట మేలని తలంచి యీ జీవితమును వ్రాయుచున్నాము.

లీ డి ఫారెస్టు 1873 వ సంవత్సరము ఆగస్టు 26 వ తేదీన అమెరికాలోని అయోవా రాష్ట్రమున కౌన్సిల్ బ్లఫ్స్ అను నూర జన్మించెను. తండ్రి క్రైస్తవ బోధకుడు. బానిసత్వమునుండి విడుదలనొందిన నల్లజాతివారికై వెలసిన టల్లడెగా కళాశాలకు ఆయన అధ్యక్షుడై అలబామా రాష్ట్రమునకు పోగా, అచ్చటి తెల్లవారు ఆ కుటుంబమును దూరముగా నుంచిరి. కావున బాలుడు నల్లజాతి బాలురతో నాడుకొని పెరిగెను. కుమారుడును బోధకుడు కావలెనని తండ్రి కోరిక. కుమారునకో యంత్రములయందే మనస్సు. యేల్ విశ్వవిద్యాలయమున చదివి, 1899 లో విద్యుత్తరంగములనుగూర్చి పరిశోధించి డాక్టరు బిరుదము నొందెను.

1904 లో ఇంగ్లండున ఫ్లెమింగు రెండు భాగముల వాల్వును చేసియుండెను. అందు వేడెక్కిన తంతువునుండి ఎలక్ట్రానులు ఎదుటి పలకకు పోవును. అంతియేగాని దానివలన శబ్దము పెరుగదు. 1906 లో డి ఫారెస్టు ఆ రెంటి నడుమ వంకరతీగ నొకదానిని నిలిపెను. దానికే గ్రిడ్డని పేరు. కె.సి. కాలువ తూములను చూచిన మన పిల్లలకిది సులభముగా బోధపడును. తూము తలుపును కదుపుటకు కొద్ది బలము చాలును; దానివెంట వచ్చు నీరు ఎన్నియో ఎకరములను తడుపును. అట్లే గిటారు పుట్టించు స్వల్ప విద్యుత్తు గ్రిడ్డును చేరి, పలకకు పోవు గొప్ప ప్రవాహమును తన చెప్పుచేతలలో నడిపించును. (పలకకు పెట్టు వోల్టులు ప్రాణాంతకములు. స్విచ్చి తీసిన పిదపను కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండును గనుక, ఉపాధ్యాయుడు చెంత లేనిదే పెట్టెలో చేయి పెట్టరాదు.)

చిత్రమేమనగా, తన వాల్వెట్లు పనిచేయునో ఆయనకే సరిగా తెలియదు. గాజుబుడ్డిలో కొంత వాయువు మిగిలియుండుట అవసరమని నమ్మెను. నిజమునకా వాయువే దాని లోపము. కంపెనీ వాటాల యమ్మకములో మోసము జరిగెనని 1913 లో విచారణ జరుగగా, ఆ బుడ్డి యెందుకును కొరగాదని ప్రభుత్వపక్షమువారు వాదించిరి. సహచరులలో కొందరికి శిక్ష పడెను; ఆయన నిర్దోషిగా బయటపడెను. ఆ సంవత్సరమే అమెరికా టెలిఫోను కంపెనీ దాని హక్కును 50,000 డాలర్లకు కొనెను! ఆ కంపెనీ శాస్త్రజ్ఞులు వాయువును పూర్తిగా తీసివేసి, 1915 లో న్యూయార్కునుండి శాన్ ఫ్రాన్సిస్కో వరకు మాటలు వినిపించిరి.

1912 లో ఆర్మ్‌స్ట్రాంగు అను కొలంబియా విద్యార్థి, వాల్వునుండి వెలువడు విద్యుత్తులో కొంత మరల గ్రిడ్డునకే పంపినచో శబ్దము ఎన్నియో రెట్లు హెచ్చునని కనుగొని, కారణమునుకూడ వివరించెను. అది తనదేయని డి ఫారెస్టు వ్యాజ్యమాడెను. 1934 లో సుప్రీంకోర్టు ఆయన పక్షముననే తీర్పు చెప్పెను. ఆర్మ్‌స్ట్రాంగు తనకు పూర్వమిచ్చిన పతకమును రేడియో ఇంజనీర్ల సంఘమునకు తిరిగి యీయబోగా, వారు పుచ్చుకొనరైరి. మేమును ఆ సంఘమువారి పక్షమే. గ్రిడ్డు నిలిపిన కీర్తి డి ఫారెస్టునకు చాలియుండవలసినది.

1947 లో ట్రాన్సిస్టరు పుట్టిన పిదప రేడియోలు క్రమముగా వాల్వులను విడిచెను. గిటారు వాయించువారు మాత్రము విడువలేదు. శక్తికి మించి నడిపినప్పుడు వాల్వు శబ్దమును కొంత వికారపరచును. ఆ వికారమే వారి చెవికింపు.

డి ఫారెస్టు 1961 జూన్ 30 వ తేదీన హాలీవుడ్డులో, 87 వ యేట మరణించెను. అప్పటికి బ్యాంకులో ఆయన పేర నున్నవి సుమారు 1,250 డాలర్లు.